సిలువ గీసిన మట్టి మూత

అన్యాయం జరిగింది ఎవరికి? సుందరికి. ఎట్లా జరిగింది? విత్తనాల అలసందలను దొంగచాటుగా వండుకు తిన్నదని, ఆదివారం ప్రార్థన ముగిసి జనం ఇంకా గుడి మెట్లు దిగకముందే, అత్తగారు పాపమ్మ ఆమెను పదిమందిలో నిలబెట్టి అన్నది. ఆ మాటకు సాక్ష్యం అడిగినవారు లేరు. కోడలి పక్షాన నోరు విప్పినవారూ లేరు. తాళి కట్టిన సామ్యేలు ఆ సమయాన తన చెప్పులవంక చూసుకుంటూ నిలబడ్డాడు.

ఇప్పుడు వాకిట్లో బండి ఆగి ఉంది. సుందరి రేకుపెట్టె దానిమీదికి ఎక్కింది. కబురు అందుకుని ముప్పాళ్ళ నుంచి వచ్చిన ఆమె అన్న పున్నయ్య ఎడ్లకు నీళ్ళు చూపించి కాడి పక్కన నిలబడ్డాడు. లోపలికి రమ్మని అతన్ని ఎవరూ పిలవలేదు. పిలిచినా వచ్చేవాడు కాడు.

పంచలో నేలమీద రెండు తడిగుడ్డలు విప్పి ఉన్నాయి. ఒకదానిలో పాపమ్మ కుండలోని అలసందలు ఉబ్బి, తోలు వదిలి, పులిసిన వాసన వేస్తున్నాయి. రెండోదానిలో సుందరి సొరబుర్రలోని గింజలు. ప్రతి గింజకూ తెల్లని మొలక తొంగిచూస్తున్నది.

"చూడబ్బాయ్, నీ కళ్ళతో నువ్వే చూడు," అన్నది పాపమ్మ, స్తంభానికి వీపు ఆనించి కూర్చుని. "ఇది నా కుండలో గింజ. అది నీ చెల్లెలు గొడ్లపాకలో దూలానికి కట్టుకున్న బుర్రలో గింజ. నాది చచ్చింది. దానిది మొలిచింది. ఇంకేం కావాలి?"

"ఆ బుర్ర మా అమ్మ ఇచ్చింది అత్తా," అన్నాడు పున్నయ్య అక్కడినుంచే. "పెళ్ళినాడు దారి పొడుగూతా నా ఒళ్ళో పెట్టుకుని తెచ్చా, యాడ పగులుద్దోనని."

"బుర్ర మీ అమ్మదే. కాదన్నానా? దాంట్లో గింజలెవురివి అంటన్నా."

"నాయి," అన్నది సుందరి.

ఆమె గడపలో కూర్చుని ఉంది. లోపలా కాదు, బయటా కాదు. పొద్దుటి నుంచీ అక్కడే కూర్చుంది.

"మా అమ్మ ఇచ్చిన గింజల్ని దడికి పాకించింది నేను. బాయి నుంచి నీళ్ళు మోసింది నేను. తీగమీదే ఎండినదాకా ఆగి కోసింది నేను."

"దడి నాది."

"దడి నీదే అత్తా. నీ దడిని నేనేమీ మా ఊరు తీసకపోవట్లా."

పాపమ్మ పెదవులు బిగిశాయి. కోడలు ఈ ఇంటికి వచ్చిన నాటినుంచీ ఎదురుమాట అనడం ఇదే మొదలు. పెట్టె బండి ఎక్కిన తరువాత మాటకు భయం తగ్గుతుంది కాబోలు.

బర్మా బియ్యం రావడం ఆగిపోయిన దగ్గరనుంచి ఆ ప్రాంతంలో అలసందలకు ఎన్నడూ లేని విలువ వచ్చింది. జొన్న చేతికి వచ్చేదాకా కడుపులు నిలిపేవి జొన్నసాళ్ళ నడుమ పండే ఆ గింజలే. వాటిని ప్రతి ఇంటా రెండు తీరుల దాచేవారు. తినే గింజను వేడి ఇసుకలో వెచ్చజేసి దాచితే పురుగు పట్టదు. కాని ఆ గింజ ఇక మొలవదు. విత్తనపు గింజను జల్లించిన చల్లని బూడిదలో కలిపి, కుండలో పోసి, మూతిని మట్టితో పేడతో మెత్తేవారు. దానికి వేడి తగలకూడదు. తొలకరి నిన్న కురిసింది. చేను దున్ని ఉంది. నేలలో ఆ పదును ఆరేలోగా విత్తనం పడకపోతే ఈ ఏటికి అలసంద లేదు. ఆ ఇంట్లో మొలిచే గింజ ఇప్పుడు సుందరి బుర్రలో తప్ప మరెక్కడా లేదు.

"ఆ బుర్ర ఇక్కడే దించి పో. నేను అడిగేది అంతే," అన్నది పాపమ్మ.

"దించితే నేను దొంగనని ఒప్పుకున్నట్టేగా?"

"ఒప్పుకోకపోతే దొంగవి కాకుండా పోతావా? వేసవిలో ఈ ఇంట్లో తినే గింజ అయిపోయినాక గుగ్గిళ్ళ వాసన వచ్చింది. వచ్చిందా, లేదా?"

"వచ్చింది. వండింది నేనే, నా బుర్రలో గింజలే. నీ కొడుకు జ్వరంపడి లేచి ఏదీ సహించట్లేదంటే పిడికెడు వండా. తిన్నది నీ కొడుకే. అడుగు."

ఇద్దరూ సామ్యేలు వైపు చూశారు. అతడు మంచం పట్టీమీద కూర్చుని నులకను వేలితో మీటుతున్నాడు.

"తిన్నా," అన్నాడు. "యాడియ్యో నేనడగలా."

"నువ్వేదీ అడగవు," అన్నది సుందరి.

పున్నయ్య చెర్నకోలను ఈ చేతిలోనుంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "బావా, మా చెల్లెలు తప్పు చేసిందని నువ్వు కూడా అంటన్నావా? ఒక్కమాట చెప్పు, బండి కట్టుకుని పోతా. మళ్ళా ఈ వాకిలి తొక్కను."

సామ్యేలు మళ్ళీ నులక మీటాడు. బదులు పాపమ్మే చెప్పింది.

"వాణ్ణడిగేదేంది? ఆ గింజలు చూస్తే తెలవట్లా? ఉడకబెట్టి ఎండబెడితే తోలు ముడతపడుద్ది, ఇట్టే దొరికిపోతారు. ఇది ఇసకలో సన్నసెగన వెచ్చజేసిన గింజ. అట్టా చేస్తే రంగు మారదు, కొలతకు తగ్గదు, ఎంత తెలిసినోళ్ళయినా పట్టుకోలేరు. నా కుండలో బతికున్నదాన్ని తిన్నంత తిని, మిగతాది బుర్రలో పోసుకుని, చచ్చినదాన్ని నా కుండలో పోసి, మళ్ళా మూత మెత్తింది. సామాన్యురాలనుకున్నారా?"

గోడ అవతల దూది ఏకుతున్న చప్పుడు ఆగిపోయింది.

సుందరి తల వంచుకుంది. ఏడుపు రాలేదు. చూపు ఎక్కడ నిలపాలో తెలియక వాకిట్లో నిలిపింది. అక్కడ పొరుగు పిల్లలు తొక్కుడుబిళ్ళకు గీసిన గళ్ళు నిన్నటి వానకు సగం చెరిగి ఉన్నాయి. చివరి గడిలో వాళ్ళు వదిలివెళ్ళిన బిళ్ళ ఉంది.

ఆమె లేచి వెళ్ళి ఆ బిళ్ళను చేతిలోకి తీసుకుంది. చాలాసేపు దానిని చూసింది. గోటితో గీకింది. తరువాత బండి చక్రపు ఇనుప పట్టాకు తాకించింది. అది ఖంగుమన్నది.

"అత్తా, ఇదేంది?"

"పెంకు ముక్క. పిల్లలది."

"పెంకు కాదు. నీ కుండ మూత. ఇదిగో, నువ్వు బొటనవేలితో గీసిన సిలువ, సగం. రెండో సగం రోకలి దెబ్బకు పిండయింది."

పాపమ్మ మూత మెత్తిన ప్రతిసారీ తడి మట్టిమీద సిలువ గీసేది. అది ఊరందరికీ తెలుసు.

"అయితే?"

"ఎప్పుడయినా మూత తియ్యాలంటే నీళ్ళు చిలకరిస్తే మెత్తబడి ఊడొచ్చేది. ఈసారి ఎంత తడిపినా కదల్లేదు. నీ కొడుకు రోకలెత్తి కొడితేగాని పగల్లా. నిన్నంతా వానలో నానింది, కరిగిందా చూడు. పేడా మట్టీ కలిపిన మూతతో పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుకున్నారంటే, అది ఎండకు ఎండింది కాదు." ఆమె ఆ ముక్కను అన్న చేతిలో పెట్టింది. "చూడన్నా, లోపలంతా ఎర్రగా ఉంది."

పున్నయ్య తిప్పి చూశాడు. "కాలింది ఇది," అన్నాడు. "ఇటిక కాలినట్టు కాలింది."

"పొయ్యి దగ్గర పెట్టి నువ్వే కాల్చి ఉంటావు," అన్నది పాపమ్మ.

"కుండ ఉండేది నీ మంచం కింద. నువ్వు గుడికి పోయినా ఆ గదికి తాళమేసి, తాళంచెవి రొంటిన దోపుకుని పోతావు. నేను పొయ్యి దగ్గరికి ఎప్పుడు తెచ్చాను?"

పాపమ్మ చెయ్యి రొంటిన తాళంచెవి మీదికి పోయింది. ఎద్దు ఒకటి మెడ విదిల్చింది. గంటలు మోగి ఊరుకున్నాయి.

అప్పుడే సుందరికి ఒక సంగతి మెల్లగా పైకి తేలివచ్చింది. వేసవిలో ధాన్యం వసూళ్ళ గుమాస్తాలు పక్క ఊరిలో గాదెలు తెరిపించారని, ఈసారి అపరాలనూ వదలరని పుకారు పుట్టింది. ఆ సాయంత్రం అత్తగారు, "రేపు దాలిలో పాలు పెట్టొద్దు, పొయ్యిమీద కాగబెట్టు," అన్నది. పెరటి మూలనున్న ఆ దాలిగుంటలో పిడకల నిప్పు పైకి కనబడక, బూడిద కింద రాత్రింబవళ్ళు రగులుతూనే ఉంటుంది. పాలకుండ పొద్దున పెడితే సాయంత్రానికి మీగడ ఎర్రబారుతుంది. మరునాడు తాను బూడిద ఎత్తబోతే అందులో గుండ్రంగా, వెడల్పుగా ఒక కుండ అడుగు అచ్చుపడి ఉంది. పాలకుండ అంత వెడల్పు ఉండదు. ఆనాడు అది మనసుకు తట్టలేదు.

"అత్తా," అన్నది సుందరి, గొంతు తగ్గించి. "గుమాస్తాలు వస్తన్నారన్న నాడు దాలిలో ఏం పెట్టావు?"

"ఏం పెడతానే?"

"ఎవురూ చెయ్యి పెట్టి వెతకని చోటు అదొక్కటే కదా."

"నోరు ముయ్యి."

"కుండ పెట్టావా, లేదా?"

"చల్లారిన దాలే అది!" పాపమ్మ గద్దించింది. "చెయ్యి పెట్టి చూసినాకే పెట్టా. ఉత్త బూడిద..."

మాట మధ్యలో తెగిపోయింది. తన నోటినుంచి వచ్చినది తన చెవికి సోకింది. పున్నయ్య చెర్నకోల దించాడు.

అప్పుడు సామ్యేలు మంచం మీదినుంచి లేచాడు.

"చల్లార్లేదమ్మా," అన్నాడు. "తెల్లారి నువ్వు తియ్యమంటే తీసింది నేను. కుండ చెయ్యి అంటుకోనియ్యలా. తువ్వాలు చుట్టుకుని తీశా."

సుందరి అతనివైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"కుండ వేడిగా ఉందని తెలుసు. గింజ చచ్చిందని అప్పుడు తెలవదు."

"గింజ మొలవలేదని తెలిసిన నాడు?"

సామ్యేలు మళ్ళీ తన చెప్పులవంక చూశాడు.

"గుడి ముందర నన్ను నిలబెట్టిన నాడు? అప్పుడన్నా తెలిసిందా?"

"తెలిసింది," అన్నాడతడు.

ఆ ఒక్కమాట విన్న తరువాత సుందరి మళ్ళీ అతని ముఖం చూడలేదు. బండిమీది పెట్టెకు కట్టిన తాడును చూసింది. అది గట్టిగానే ఉంది.

"దాచింది ఎవురికోసమే?" పాపమ్మ అడిగింది. "నా ఒక్క కడుపు కోసమా? గుమాస్తాలు ఎత్తుకుపోతే మీరు తినేదేంది, వేసేదేంది?"

"దాచినందుకు నిన్నెవురూ ఏమనలా. నువ్వు పోగొట్టినదాన్ని నేను తిన్నానన్నావు."

గోడ పక్కనుంచి దగ్గు వినిపించింది. దూది ఏకే మౌలాలీ భార్య హజ్రా బీ గోడ తిరిగి వాకిట్లోకి వచ్చింది. తలమీది కొంగుకు, కనుబొమలకు దూదిపీచు అంటుకుని ఉంది. ఆమె గోడ అవతల నిలబడి అంతా విన్నదని అందరికీ తెలిసిపోయింది. ఆమె దాచనూ లేదు.

"పాపమ్మక్కా, మీ ఇంటి రచ్చలోకి నేను రాకూడదు. ఒక్కటి అడిగి పోతా. గింజను ఇసకలో వెచ్చజేస్తే కొలతకు తగ్గదన్నావే, నువ్వు దాన్ని ఎప్పుడు కొలిచావు?"

పాపమ్మ కళ్ళు ఎత్తింది. దించింది.

"ఏంది హజ్రా, ఇప్పుడా మాటలు?"

"తినే గింజని ఎవురూ కొలిచి చూసుకోరక్కా. పిడికిలితో తీసి ఎసట్లో పోస్తారు. కొలిచేది ఎవురికన్నా తిరిగి పొయ్యాల్సినప్పుడే." హజ్రా బీ సుందరివైపు తిరిగింది. "అమ్మాయ్, నువ్వప్పటికి ఈ ఇంటికి రాలా. కరువొచ్చిన ఏడు మీ అత్త విత్తనం పురుగు తినేసింది. నా దగ్గరికొచ్చి మానికెడు అలసందలు చేబదులు అడిగింది. మా అత్త చేతిమీదుగా వచ్చిన విత్తనం అది. ఇచ్చా. మరుసటేడు మానిక అంచుపైన శిగపోసి తెచ్చింది. ఎంత నికరమైన మనిషో అని అందరితో చెప్పుకున్నా. చేలో వేశా. ఒక్కటి మొలిస్తే ఒట్టు."

"నీ చేలో తేమ లేదు ఆ ఏడు," అన్నది పాపమ్మ, నేలవంక చూస్తూ.

"అప్పుడూ అదే అన్నావు. గట్టు ఇవతల నీ చేలో జొన్న మోకాలెత్తు నిలబడి ఉంది." హజ్రా బీ గొంతు హెచ్చలేదు. "పొరపాటున తినే కుండలోయ్యి కలిశాయేమో అనుకున్నా ఇన్నాళ్ళూ. మా ఆయన కూడా అట్టే అనుకో, గొడవొద్దు అన్నాడు. ఆ ఏడు ఆకులు ఉడకేసుకుని తిన్నాం. మా అత్త విత్తనం మా ఇంట్లో ఇంక లేదు. ఇయ్యాళ నీ నోటితో విన్నాక గదా తెలిసింది, పొరపాటు కాదని."

తాను చేసిన పనినే పాపమ్మ కోడలి నెత్తిన మోపింది. ఎదుటి మనిషి అట్లా చేయగలదని ఆమెకు తోచడానికి, ఒకనాడు తాను అట్లా చేసి ఉండటమే కారణం.

"మాకూ లేవు ఆ ఏడు," అన్నది పాపమ్మ. "విత్తనం నీకు పోస్తే మాకు వెయ్యటానికి లేదు. అప్పు తీర్చలేదని అనిపించుకోవటం నా వల్ల కాలా."

"అట్టాగని చెప్పి ఉంటే, ఇంకో ఏడు ఆగేదాన్ని కదక్కా."

పాపమ్మ మోకాళ్ళమీద చేతులు మోపి లేచింది. లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో ఇత్తడి మానిక ఉంది. కోడలి ఎదుట వచ్చి నిలబడింది.

"ఆ బుర్ర దించు," అన్నది.

"చెప్తన్నావా, అడుగుతన్నావా?"

పాపమ్మ దవడ కదిలింది. "అడుగుతన్నా."

"ముందు మా అన్నతో చెప్పు. దొంగ చెల్లెల్ని ఎక్కించుకుపోను వచ్చాడు."

పాపమ్మ వాకిట్లోకి దిగింది. బండి దాకా నడిచింది. పున్నయ్య ఆమెకంటె వయసులో ఎంతో చిన్నవాడు. అయినా అతని ముఖంవంక సూటిగా చూసింది.

"అబ్బాయ్, నీ చెల్లెలు విత్తనం తినలా. నా కుండ ముట్టుకోలా. దాలిలో పెట్టి చంపింది నేను. దాని బుర్రలోయ్యి దాని గింజలే."

పున్నయ్య తల ఊపాడు. ఆ ఊపులో క్షమ ఉందో లేదో తెలియలేదు.

"మరి ఆదివారం?" అన్నది సుందరి వెనకనుంచి. "గుడి ముందర?"

పాపమ్మ మానికను కోడలి ముందుకు చాచింది. "ముందు ఇది కానీ," అన్నది.

సుందరి గొడ్లపాకలోకి వెళ్ళి దూలానికున్న బుర్రను విప్పి తెచ్చింది. దాని మూతికి బిగించిన మొక్కజొన్న బెండు తీసి, మానికలోకి వంచింది. బూడిద పొగలా లేచింది. గింజలు గలగలమంటూ దిగాయి.

"అమ్మా," అన్నాడు సామ్యేలు. "అయ్యి హజ్రమ్మకు పోస్తే జొన్నసాళ్ళ నడుమ ఏం వెయ్యను? రేపటికి పదును ఉండదు."

"ఏమీ వెయ్యొద్దు."

"ఏడంతా..."

"ఖాళీగా ఉండనీ. పోతావస్తా నేను చూసుకోవాలి దాన్ని."

"సగం చాలక్కా," అన్నది హజ్రా బీ. "సగం మీరేసుకోండి. సాళ్ళ నడుమ అట్టా ఖాళీ పెట్టుకుంటారా ఎవురన్నా?"

"నీ దగ్గర నేను సగం తీసుకోలా. పట్టు కొంగు."

తీసుకునేటప్పుడు అంచుకు సమంగా తలకొట్టి తీసుకున్న మానికను ఇచ్చేటప్పుడు శిగపోసి ఇవ్వాలి. అది అక్కడి ఆడవాళ్ళ కట్టుబాటు. మానిక నిండింది. అంచు దాటింది. శిగ పైకి లేవబోయి, చివర కొంచెం వెలితిగా ఆగింది. సుందరి బుర్రను బోర్లించి అరచేత్తో తట్టింది. అడుగున ఉన్న కొద్ది గింజలూ జారిపడ్డాయి. శిగ నిలిచింది. బుర్ర ఖాళీ అయింది.

పాపమ్మ రెండు చేతులా మానికను ఎత్తి హజ్రా బీ కొంగులో పోసింది. ఒక్క గింజ కూడా నేల రాలలేదు.

ఆ ఇంట ఇక బతికి ఉన్న అలసందలు తడిగుడ్డలోని ఆ మొలకలు మాత్రమే. అవి ఈ రోజే మట్టిలోకి పోవాలి; రేపటికి ఉండవు. సుందరి వంగి ఆ గుడ్డను నాలుగు మూలలూ కలిపి చేతిలోకి తీసుకుంది. తడి ఆమె వేళ్ళసందుల నుంచి చుక్కలుగా కారుతున్నది. ఒకవైపు చేనికి పోయే దారి. ఒకవైపు బండి. పెరటి దడి వెనకాల ఉంది.

సామ్యేలు ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె అతన్ని చూడలేదు.

"చెల్లే," అన్నాడు పున్నయ్య మెల్లగా. "బండి కట్టమంటావా?"

సుందరి గుడ్డ మూలలు బిగించి పట్టుకుంది.

హజ్రా బీ కొంగులోనుంచి ఒక గింజ ఏరి, బూడిద తుడిచి, పళ్ళ మధ్య పెట్టి కొరికింది. టక్కుమని రెండుగా విరిగింది. ఆమె ఆ రెండు పప్పులనూ అరచేతిలో వేసుకుని, పాపమ్మకు కనబడేలా పట్టుకుంది. పాపమ్మ చూసింది. ఈసారి కళ్ళు దించలేదు.

"చెల్లిందక్కా," అన్నది హజ్రా బీ. "నా విత్తనం నాకు ముట్టింది."